ముందే కోప్పడే మనిషి

లోకంలో అందరికీ కోపం ఏదైనా జరిగాక వస్తుంది. ప్రొద్దుటూరు కోదండపాణి అయ్యవారికి మాత్రం జరగకముందే వచ్చేది. పాలల్లో నీళ్ళు కలిస్తే తిట్టేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. ఎల్లుండి కలవబోయే నీళ్ళకు ఈ రోజే తిట్టే మనిషి కడప జిల్లా మొత్తానికి ఆయనొక్కడే.

పాలు పోసే వనజమ్మ రోజూ పొద్దున్నే ఆ తిట్లు తిని పోయేది.

"వనజమ్మా, ఎల్లుండి నీ కూతురు పిల్లల్ని తీసుకుని వస్తుంది. వాళ్ళకు పాలు కావాల. అప్పుడు మా పాలల్లో నీళ్ళు కలుపుతావు. సిగ్గు లేదా నీకు?"

"ఎల్లుండి మాట ఎల్లుండి సూసుకుందాం సామీ. ఈ పొద్దు చిక్కంగా ఉండాయి. చెంబు పట్టుకో."

"చిక్కంగా పోసి నా నోరు కట్టేద్దామని చూస్తాండావా? ఎల్లుండి సంగతి తేల్చు!"

ఎల్లుండి వచ్చింది. వనజమ్మ కూతురూ వచ్చింది. పాలల్లో నీళ్ళు కూడా వచ్చాయి. కోదండపాణి ఆ పలచని కాఫీని చప్పరిస్తూ తాగి, అరుగు మీద హాయిగా కూర్చున్నాడు. భార్య కమలాంబకు ఒళ్ళు మండింది.

"ఇప్పుడు అడగరేమండీ ఆమెను?"

"దానికి మొన్ననే కోప్పడ్డాను కదా. ఒక తప్పుకు రెండుసార్లు కోప్పడటం అధర్మం."

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన రోజు ప్రొద్దుటూరంతా చక్కెర పంచుకుంటుంటే ఆయనొక్కడే బజారు నడుమ నిలబడి చేతికర్ర ఆడించాడు. "ఎత్తుకుపోతారు! మూడేండ్లు కూడా ఉంచరు! మీరు చక్కెర తింటాండారు, థూ!" అని అరిచి, పెట్టిన చక్కెర కూడా తినకుండా ఇంటికి పోయాడు. మూడేళ్ళకు రాజధాని నిజంగానే హైదరాబాదుకు తరలిపోయింది. ఊరంతా మండిపడుతున్న ఆ రోజు ఆయన నిమ్మళంగా తమలపాకులు తుడుచుకుంటూ, "ఇప్పుడు అరిచి ఏం లాభంరా? అరవాల్సినప్పుడు చక్కెర తింటిరి" అన్నాడు.

ఈ కోపం రుచి బాగా ఎరిగినవాడు శేషగిరి. చిన్నప్పుడు ఆయన దగ్గరే చరిత్ర చదువుకున్నాడు. హైస్కూల్లో కొత్త ఫారం మొదలైన మొదటి రోజే అయ్యవారు అతన్ని నిలబెట్టి, "అక్బరు తర్వాత ఎవరని పరీక్షలో అడుగుతారు. నువ్వు షాజహాన్ అని రాస్తావు. జహంగీరు ఏం పాపం చేసినాడురా నీకు?" అని చెవి మెలిపెట్టాడు. అప్పటికి ఆ పిల్లవాడికి అక్బరు ఎవరో కూడా తెలియదు. సంవత్సరం తర్వాత ఆ ప్రశ్న వచ్చింది. జహంగీరు అని రాస్తున్నంతసేపూ శేషగిరికి చెవి చురుక్కుమంటూనే ఉంది.

ఇప్పుడా శేషగిరి తాలూకా ఆఫీసులో గుమాస్తా. సాయంత్రాలు ఊళ్ళో పఠన మందిరానికి కార్యదర్శి. కోదండపాణి అయ్యవారు ఉద్యోగం విరమించాక ఆ మందిరంలోనే కాపురం పెట్టినంత పని చేయడంతో, చెవి ఒకటి తప్ప మిగతా బాధలన్నీ శేషగిరికి మళ్ళీ మొదలయ్యాయి.

మందిరంలో ప్రతి ఆదివారం నలుగురు కలిసేవాళ్ళు. అయ్యవారు, శేషగిరి కాక మూడోవాడు ఆదినారాయణ రెడ్డి. పులివెందుల పక్కన వేములలో పెద్ద సేద్యం. కోటలన్నా బురుజులన్నా పిచ్చి. వారం వారం బస్సులో వేయించిన శనక్కాయల సంచీ వేసుకుని వచ్చేవాడు. నాలుగోవాడు జమ్మలమడుగు ఖాజా. పుస్తకాలకు అట్టలు కుట్టే పని. మందిరంలో ఆయన చెయ్యి పడని పుస్తకం లేదు. కుడుతూ కుడుతూ చదివేసేవాడు కాబట్టి బళ్ళో చదువుకున్నవాళ్ళకంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

కోదండపాణికి లోకమంతా తప్పులైతే ఖాజాకు లోకంలో తప్పే కనిపించేది కాదు. టీలో చక్కెర మరిచిపోతే "ఉండనీలేప్పా, బాగుండాది" అనేవాడు. కుర్చీ కాలు విరిగి కిందపడ్డా, "ఉండనీలేప్పా, నేల సల్లంగా ఉండాది" అని అక్కడే కూర్చునేవాడు. అరవై ఏళ్ళు దాటిన ఆ మనిషి ఎవరినైనా ఒక్క మాట అనగా విన్నవాళ్ళు లేరు.

పందొమ్మిదివందల యాభై ఏడు దీపావళి వెళ్ళాక వచ్చిన ఆదివారం ఖాజా ఒక పాత పుస్తకం కుట్టి తెచ్చాడు. అందులో బందరు రేవు గురించి ఉంది. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, పరాసులనే ఫ్రెంచివాళ్ళు ఆ రేవు కోసం కొట్టుకోవడం, అద్దకం బట్టలు ఓడలెక్కి సముద్రాలు దాటడం, చివరకు ఒక రాత్రి ఉప్పెన వచ్చి ఊరిని ముంచేయడం. ఖాజా పుస్తకం మూసి నిదానంగా చెప్పాడు.

"మా తాత ఆ ఊరోడే. అద్దకానికి అచ్చులు చెక్కే ఇల్లు మాది. ఉప్పెనలో ఇంట్లో పదకొండు మంది పోయినారు. పదేండ్ల పిల్లోడు తాడిచెట్టు కరుసుకొని బతికినాడు. ఆ పిల్లోడే మా తాత. సముద్రానికి దూరంగా పోవాల, పోవాల అని నడుసుకుంటా నడుసుకుంటా జమ్మలమడుగు కాడ ఆగినాడంట. నేనింతవరకు సముద్రం సూడలేదప్పా. పోయేలోపల ఒకసారి దాని మొగం సూడాల."

కోదండపాణి కుర్చీలోంచి లేచాడు.

"పోదాం. నలుగురం పోదాం. నాలుగు దినాలు ఉండి కోట, రేవు, డచ్చివాళ్ళ గోరీలు, అద్దకాలు, సముద్రం, అన్నీ చూసి వద్దాం." అంటూనే ఆయన మొహం ఎర్రబడింది. "అయితే ఆ గుంతకల్లు కాఫీవాణ్ణి మాత్రం నేను ఊరికే వదలను!"

"వాడేం చేసినాడయ్యా?" అని శేషగిరి బిత్తరపోయాడు.

"చల్లారిన కాఫీ ఇయ్యబోతాండాడు!"

అట్లా మొదలైంది బందరు ప్రయాణపు ఏర్పాటు. మూడు నెలలు పట్టింది. బండ్లు మారేది రెండుచోట్ల. చూడవలసినవి పది. కోపాలు మాత్రం నోటుపుస్తకంలో నలభై ఏడు తేలాయి. శేషగిరి చేత ఆయన పుస్తకంలో మూడు గళ్ళు గీయించాడు. ఒకదాంట్లో రోజు, రెండోదాంట్లో చూడవలసినది, మూడోదాంట్లో ఆ చోట జరగబోయే అన్యాయం. కోపం పూర్తయ్యాక పక్కన తేదీ వేసి అయ్యవారు చేవ్రాలు చేసేవాడు.

"రాయరా. మొదటి రోజు. కోట."

"రాసినాను."

"అన్యాయం: గోడలు పడిపోయి ఉంటాయి. వాటి రాళ్ళు ఊళ్ళోవాళ్ళు ఇండ్లకు ఎత్తుకుపోయి ఉంటారు. దొంగలు! చరిత్ర మీద పిడకలు కొడతారా?"

"చూడకుండానే ఎట్లా తెలుసయ్యా?"

"గండికోటలో చూడలేదా? అన్ని ఊళ్ళూ ఒకటే. రాయి!"

రెండో రోజు గడిలో డచ్చి గోరీల దగ్గరికి వచ్చేసరికి ఆయనకు కోపం మరీ పెరిగిపోయింది. "ఇంటిని వదిలి, పెండ్లాం బిడ్డల్ని వదిలి, సముద్రాలు దాటివచ్చి ఈడ చచ్చిరి. సరే, చావండి. రాళ్ళ మీద ఆ అర్థంకాని భాషలో ఎవరికోసంరా చెక్కించుకున్నారు? నేను ఎండలో పోయి నిలబడి ఏం చదవాల?"

శనక్కాయలు ఒలుస్తున్న ఆదినారాయణ రెడ్డి ఆగలేకపోయాడు. "సచ్చి రెండు మూడు నూర్లేండ్లయినోళ్ళ మీద యాల ఐవారూ కోపం?"

"వాళ్ళు చచ్చి శానా దినాలైంది. నేను పోయి చదవలేకపోయేది ఇంకా ఉంది కదా రెడ్డీ!"

శేషగిరి ఆఫీసులో పగలంతా తాసిల్దారుతో తిట్లు తిని వచ్చి, సాయంత్రం డచ్చివాళ్ళు తినవలసిన తిట్లు తను విని రాసుకోవలసి వచ్చేది. కలం విసిరికొట్టి పోదామని ఎన్నిసార్లు అనిపించిందో. నాలుగు టిక్కెట్లు కొనుక్కుని బండెక్కితే సరిపోయేదానికి ఈ ముసలాయన వారాల తరబడి తన రక్తం తాగుతున్నాడని అతనికి లోలోపల కుతకుతలాడేది. అయినా ఖాజా మొహం చూసి ఊరుకునేవాడు. ఆ నోటుపుస్తకంలో నాలుగో రోజు సముద్రం అని ఉన్న చోటికి వచ్చేసరికి ఖాజా దారం పట్టుకున్న చెయ్యి ఆపి, చిన్నపిల్లవాడిలా ముందుకు వంగి వినేవాడు.

డిసెంబరులో శేషగిరి బందరులో ఒక సత్రానికి రాసి, నలుగురు దిగడానికి గది, భోజనం ఉన్నాయని కార్డు తెప్పించాడు. సంబరంగా అందరిముందూ చదివాడు.

"సత్రమా?" అన్నాడు ఖాజా.

"అవును మామా. స్టేషనుకు దగ్గర. రెండు పూటలా భోజనం."

"బాగుండాది" అన్నాడు ఖాజా. కుడుతున్న పుస్తకాన్ని సగంలోనే సంచీలో పెట్టేసుకున్నాడు.

మరుసటి ఆదివారం ఆయన వస్తూనే చేతులు జోడించాడు. "నేను రాలేనప్పా. మోకాళ్ళు శానా నొస్తాండాయి. మీరు పోయిరాండి. వచ్చి సముద్రం ఎట్లుందో నాకు సెప్పండి, సాలు."

శేషగిరికి చిర్రెత్తింది. "మోకాళ్ళా? మొన్ననే గండికోటకు నడిచిపోయి వచ్చినావు కదా మామా!"

"ఆ నొప్పేనప్పా ఇది" అని నవ్వి ఖాజా తన సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇక బద్దలవుతుందనుకుని శేషగిరి అయ్యవారి వైపు తిరిగాడు. బద్దలు కాలేదు. కోదండపాణి నోటుపుస్తకం మీద చెయ్యి పెట్టుకుని, గోడ వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఆదినారాయణ రెడ్డి శనక్కాయ పొట్టును కాలితో ఒకచోటికి నెడుతూ తల ఎత్తలేదు.

ఆ మౌనం చూసి శేషగిరికే కోపం పొంగింది. ఎన్నడూ ఎదురు చెప్పనివాడు ఎదురు చెప్పాడు.

"అయ్యవారూ! గుంతకల్లు కాఫీకి గంటసేపు అరుస్తారు. ఆయన కోసం కదా ఈ ప్రయాణం? ఆయనే రాననిపోతే నోట్లో మాట రాదా? మీకు కోపం రావాల్సినప్పుడు రాదా?"

"అదేరా నా రోగం" అని, చేతికర్ర కూడా మరిచిపోయి కోదండపాణి ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు కర్ర ఇవ్వడానికి పోయిన శేషగిరిని కమలాంబ వాకిట్లోనే ఆపింది.

"ఏం జరిగింది నాయనా? పొద్దున వనజమ్మ వస్తే ఒక్క మాట అనలేదు. జ్వరమేమోనని నుదురు కూడా చూశాను."

విషయం విని ఆమె తల పంకించింది. "మోకాళ్ళు కాదు నాయనా. పదిహేనేళ్ళ కిందట ఈయనా, రెడ్డీ, ఖాజా కలిసి ఒక కోట చూసిరావడానికి పోయినారు. ఆ ఊళ్ళో ఒక సత్రంలో దిగినారు. అక్కడి పెద్దమనిషి అందరి పేర్లూ అడిగి, ఖాజా పేరు వినగానే నువ్వు వసారాలో ఉండు అన్నాడంట. విస్తరి కూడా అక్కడే, చెప్పులు విడిచేచోట వేయించినాడు. ఖాజా ఉండనీలేప్పా అని తిని, తన విస్తరి తానే ఎత్తుకుని పోయినాడు. మళ్ళీ ఇన్నేళ్ళలో ఏ ఊరికీ వీళ్ళతో పోలేదు."

"అయ్యవారు ఏం చేసినారమ్మా?"

"లోపల కూర్చుని భోంచేసి వచ్చినారు" అని ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

ఆ తర్వాత నెల రోజులూ కోదండపాణి మందిరంలో నోరు విప్పలేదు. మధ్యాహ్నం పూట ఇంట్లో తలుపు వేసుకుని ఏదో రాసేవాడు. మూడు రోజులకొకసారి తపాలా ఆఫీసు దాకా పోయి, డబ్బాలో కవరు వేసి, అది లోపల పడిందో లేదోనని డబ్బాను కర్రతో కొట్టి మరీ వచ్చేవాడు. రైలు కంపెనీ మీద పడ్డాడు కాబోలు అనుకున్నాడు శేషగిరి. ప్రయాణం పని మాత్రం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. అడిగితే, "టిక్కెట్లు నాలుగు అనే ఉండనీ" అనేవాడు తప్ప ఇంకో మాట లేదు.

జనవరి చివర ఒక ఆదివారం మందిరానికి బందరు నుంచి లావుపాటి కవరు వచ్చింది. ప్రయాణం ఉత్తరాలన్నీ విప్పి చదవడం కార్యదర్శి పని కాబట్టి శేషగిరి అలవాటుగా చించాడు. ఆదినారాయణ రెడ్డి ఎదురుగా ఉన్నాడు. కుట్టిన పుస్తకాలు ఇవ్వడానికి వచ్చిన ఖాజా గుమ్మం దగ్గర సంచీ విప్పుతున్నాడు. అయ్యవారు ఇంకా రాలేదు. శేషగిరి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"మహారాజశ్రీ కోదండపాణి గారి సముఖానికి, బందరు సత్రం మేనేజరు రామకృష్ణ నమస్కరించి రాయునది. తమరు నన్ను తిడుతూ రాసిన తొమ్మిది ఉత్తరాలూ చేరాయి. తమరిని నేను ఎన్నడూ చూడలేదు. ఖాజా గారెవరో నాకు తెలియదు. వచ్చే నెల ఆయన మా సత్రం గడప తొక్కినప్పుడు నేను ఆయన పేరు అడుగుతాననీ, విని మొహం చిట్లిస్తాననీ, వసారా చూపిస్తాననీ రాసి, అందుకు నన్ను మొదటి ఉత్తరంలో మూర్ఖుడనీ, రెండోదాంట్లో పంక్తిలో కూర్చోవడానికి పనికిరానివాడిననీ, మూడోదాంట్లో ఇక్కడ రాయలేని ఇంకో మాటా అన్నారు. ఆ మూడూ చించి పారేశాను. చేయని తప్పుకు ఎవడు పడతాడండీ?"

ఖాజా సంచీ విప్పడం ఆపేశాడు. శేషగిరికి ఇక ఆపాలో చదవాలో తెలియలేదు.

"సదువు" అన్నాడు ఆదినారాయణ రెడ్డి, తల వంచుకునే.

"నాలుగో ఉత్తరం వచ్చిన రోజు మా ఆవిడ అడిగింది, ఇంతకీ ఆయన వస్తే ఆ మాట అంటారా అనరా అని. ఆలోచించుకున్నాను. అనేవాణ్ణే. పన్నెండేళ్ళుగా వచ్చినవాళ్ళను అంటూనే ఉన్నాను. అది తప్పని తిట్టినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. ఏడో ఉత్తరంలో తమరు రాసింది చదివాక అన్నం సయించలేదు. ఆ పాత సత్రంలో తమకు కోపం రాలేదనీ, భోంచేసి బస్సెక్కి పది మైళ్ళు వచ్చాక వచ్చిందనీ, ఎవరి మీద చూపాలో తెలియక కండక్టరు మీద చూపారనీ, అప్పటినుంచి ఏ కోపాన్నీ ఆలస్యం చేయకూడదని ఒట్టు పెట్టుకున్నారనీ రాశారు. ధర్మకర్తలతో మాట్లాడాను. కుదరదన్నారు. అయితే మిగిలిన ఉత్తరాలు వాళ్ళకు చదివి వినిపిస్తానన్నాను. వాటిలో రెండోది సగంలో ఉండగానే సరేనన్నారు. నలుగురికీ ఒకటే గది, ఒకటే పంక్తి. దయచేసి పదో ఉత్తరం రాయవద్దు."

చదవడం అయ్యేసరికి కోదండపాణి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపయిందో ఎవరూ చూడలేదు.

"ఎవడు విప్పమన్నాడురా నా జాబు?" అని ఉరిమి, కాగితం లాక్కుని, మడతపెట్టి జేబులో కుక్కుకున్నాడు.

ఖాజా లేచి ఆయన దగ్గరికి వచ్చాడు.

"ఐవారూ, తొమ్మిది జాబులు రాసినావా?"

"ఇంకా రెండు ఇంట్లో ఉన్నాయి. పంపేలోపల వీడు లొంగిపోయినాడు."

"ఆ పొద్దు నేను నిన్నేమన్నా అంటినా?"

"అనలేదు. అనింటే నాకు ఆ పొద్దే తీరిపోయేది" అన్నాడు కోదండపాణి. "నువ్వు నోరు మూసుకొని తింటివి. నేను లోపల నోరు మూసుకొని తింటిని. అప్పటినుంచి నేను ఊరంతా అరుస్తాండా. ఇంకా అయిపోలేదు."

"నేను కూడా తింటినప్పా" అన్నాడు ఆదినారాయణ రెడ్డి పక్కనుంచి. "రెండుసార్లు పాయసం పోయించుకుంటి."

ఖాజా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ మొహంలో నవ్వు లేదు. సంచీ భుజాన వేసుకుంటూ, "బండి ఎన్ని గంటలకు శేషగిరీ?" అని అడిగాడు.

"పొద్దున ఆరింటికి మామా, ఎర్రగుంట్లలో. మరి మోకాళ్ళు?"

"ఏం మోకాళ్ళు?" అన్నాడు ఖాజా.

మాఘమాసంలో నలుగురూ బయలుదేరారు. దారి పొడుగునా శేషగిరికి అంతు చిక్కని వింత ఒకటే. గుంతకల్లులో కాఫీ చల్లగానే ఇచ్చారు. అయ్యవారు ఊదుకుని తాగాడు. తరువాతి బండి కళ్ళముందే కదిలిపోయింది. ఆదినారాయణ రెడ్డి ప్లాటుఫారం అదిరేలా కేకలు వేస్తుంటే, అయ్యవారు పెట్టె మీద కూర్చుని వక్కపలుకు నములుతూ, "దానికి డిసెంబరు పదిహేనో తేదీనే కోప్పడినా రెడ్డీ. పుస్తకంలో సంతకం కూడా ఉంది. గమ్మున కూచో" అన్నాడు. నలభై ఏడు కోపాలూ ముందే ఖర్చయిపోవడంతో ఆయనంత సాధువు ఆ రైల్లో ఇంకొకడు లేడు.

బందరు సత్రం గేటు దగ్గర మేనేజరు రామకృష్ణ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళు ముందుగా ఆరడుగుల ఆదినారాయణ రెడ్డి మీద పడ్డాయి. బుర్రమీసాలు చూసి, "కోదండపాణి గారండీ తమరు?" అని రెండడుగులు వెనక్కి వేశాడు. రెడ్డి పక్కకు జరిగి, వెనక గొడుగు పట్టుకుని నిలబడ్డ బక్కపలచని ముసలాయన్ని చూపించాడు. మేనేజరు నమ్మలేకపోయాడు.

"ఇంతేనాండీ ఉన్నది?"

"మిగతాదంతా నీకు తపాలాలో పంపినా" అన్నాడు కోదండపాణి.

భోజనాల వేళ అయింది. పొడుగాటి పంక్తిలో నాలుగు విస్తళ్ళూ పక్కపక్కనే వేశారు. మేనేజరు ఐదో విస్తరి తనకు వేయించుకుని ఖాజా పక్కన కూర్చున్నాడు. వడ్డించేవాళ్ళు పప్పు వేశారు, కూర వేశారు. మేనేజరు చెమటలు కక్కుతున్నాడు. ఖాజా తల వంచుకుని, మెతుకు కింద పడకుండా, పక్కవాళ్ళ విస్తరికి మోచెయ్యి తగలకుండా ఒద్దికగా తింటున్నాడు. శేషగిరి ముద్ద కలపడం ఆపి అటే చూస్తున్నాడు. ఇంత చేసి తెచ్చుకున్నా ఈ మనిషి ఇంకా వసారాలో కూర్చున్నట్టే తింటున్నాడే అని అతనికి ఎవరినైనా పట్టుకుని కొట్టాలనిపించింది.

చారు పోశారు. శేషగిరి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. ఉప్పు లేదు. హడావిడిలో మరిచిపోయినట్టున్నారు. ఆదినారాయణ రెడ్డికి కూడా తెలిసింది. ఇంత భయభక్తులతో పెట్టిన మనిషిని ఏమంటామని ఇద్దరూ కళ్ళతోనే అనుకుని మింగేశారు. కోదండపాణి ఈ చారుకు కోప్పడటం మరిచిపోయి వచ్చినట్టుంది. పుస్తకంలో లేదు. ఆయన గుడ్లు మిటకరించి విస్తరి వంక చూస్తున్నాడు.

అప్పుడు ఖాజా విస్తరిలోంచి చెయ్యి తీసి, మేనేజరు వైపు తిరిగాడు.

"ఏందప్పా ఇది?"

పంక్తి మొత్తం ఆగిపోయింది.

"అంత దూరంనుంచి వచ్చినోళ్ళకు పెట్టే చారేనా ఇది? ఉప్పు యాడ? సముద్రం పక్కన పెట్టుకొని చారులో ఉప్పు లేదంటే ఎవురన్నా నవ్వుతారప్పా! లేసి తెప్పిచ్చు, బిరీన తెప్పిచ్చు. నేను సముద్రం కాడికి పోవాల, శానా పని ఉండాది."

మేనేజరు ఎంగిలిచేత్తోనే లేచి వంటింట్లోకి పరుగెత్తాడు. ఆదినారాయణ రెడ్డికి పొలమారింది. శేషగిరి నవ్వు ఆపుకోలేక విస్తరి మీదికి వంగిపోయాడు. ఖాజా మాత్రం చెయ్యి విస్తరి మీద అట్లాగే పెట్టుకుని, ఉప్పు ఎంతసేపటికి వస్తుందా అని వంటింటి వైపు చిరాగ్గా చూస్తున్నాడు.

కోదండపాణి ఉప్పు వచ్చేదాకా ఆగలేదు. వడ్డించేవాణ్ణి పిలిచి, ఆ చప్పటి చారే మూడుసార్లు పోయించుకుని తాగాడు.